జేబు మీద నీలం కుట్టు

ఆమె వానలో తడుచుకుంటూ వచ్చి, నా కటింగ్ బల్ల మీద ఓ తెల్లచొక్కా పడేసింది.

"ఈ జేబు మీద నీలం కుట్టు వేసింది మీరేనా?"

నాకు పనిమంతుణ్ణన్న పొగరు కొంచెం ఉంది, దాచుకోను. ఎదురుగా కొత్త మనిషి, కళ్ళజోడు నిండా వాన చుక్కలు, ఎడమచేత్తో గుండెలకు హత్తుకున్న నోటుపుస్తకాల కట్ట. పైగా బల్ల మీదున్నది నేను బాగుచేసిన చొక్కా. మెచ్చుకోవడానికే వచ్చిందనుకున్నాను.

"నేనేనండి. ఎలా ఉంది?" అన్నాను ఒళ్ళంతా చెవులు చేసుకుని.

"చాలా బాగుంది. అంత దూరం నుంచి కూడా కనిపిస్తోంది. దాంతోనే వచ్చింది తంటా."

మూల కూర్చుని కాజాలు కుడుతున్న మా అమ్మ సూది ఆపి, తలెత్తి చూసింది.

ఆమె హైస్కూల్లో లెక్కల టీచర్. అక్కడ లైబ్రరీ పక్కన బట్టల గది ఒకటుంది. పొట్టివైపోయిన యూనిఫాంలు పిల్లలు అక్కడ ఇచ్చేస్తారు. అవసరమైనవాళ్ళు శుక్రవారం సాయంత్రం వచ్చి తీసుకెళ్తారు. ఎవరిచ్చారో, ఎవరు తీసుకున్నారో ఎక్కడా రాయరు. ఆ గది చూసుకునేది ఈవిడే. చిరుగులు బాగుచేసే పని, అదే స్కూల్లో చదువుకున్న నేను కావాలని మీద వేసుకున్నాను. మూటలు వాచ్‌మన్ తెచ్చి తీసుకెళ్ళేవాడు కనుక మేమిద్దరం ఒకరినొకరు చూసుకోవడం అదే మొదలు.

ఈసారి మూటలో చాలా చొక్కాల జేబులు చినిగి ఉన్నాయి. పాత తెలుపు మీద కొత్త తెల్లదారం అతుకులా కనిపిస్తుందని, జేబు చుట్టూ నీలం దారంతో గొలుసుకుట్టు వేశాను. చూడముచ్చటగా వచ్చింది. ఆ ఊపులో చినగని వాటికి కూడా వేసేశాను. మొత్తం నలభై రెండు చొక్కాలు.

"ఇప్పుడు ఎవరి చొక్కా బట్టల గదిదో గేటు దగ్గరి నుంచే చెప్పేయొచ్చు," అంది టీచర్. "నీలం జేబు బ్యాచ్ అని పేరు కూడా పెట్టేశారు పిల్లలు."

ఆ చొక్కాను నా వైపు లాక్కున్నాను.

"తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి నాలుగు రోజులుగా బడికి రావడం లేదు. తల్లీతండ్రీ లేరు, అక్కే పెంచుతోంది. సోమవారం నుంచి అక్కతోపాటు ఇస్త్రీ షాపులో పనికెళ్తానంటోందట. క్లాసులో లెక్కలు అందరికంటే ముందు చేసేది ఆ పిల్లే."

"ఇవాళ్టికివాళ విప్పేస్తానండి. అన్నీ విప్పేస్తాను."

"ముందు ఇది విప్పండి, చూద్దాం."

బ్లేడు తీసి మొదలుపెట్టాను. ఆమె ఎదురుగా కూర్చుని దారపు ముక్కలు ఏరసాగింది.

"మీకు అలవాటా, ఎవరూ అడగని పనులు చేయడం?"

"అడిగిన పనులు ఆలస్యంగా చేయడం కూడా అలవాటేనండి."

నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. ఆ ఆపుకున్న నవ్వు నాకు నచ్చింది. ఇప్పుడు సంగతి అది కాదని మనసును కసిరాను.

కుట్టు విడిపోయింది. కానీ సూది పడిన చోటల్లా నీలం మరక వరుసగా మిగిలిపోయింది. ముందుకన్నా అన్యాయంగా ఉంది.

"వద్దులెండి," అంది నెమ్మదిగా. "రేపు ఆ పిల్ల ఇంటికి వెళ్తున్నాను. మీరూ రండి. తప్పయిందని మీ నోటితోనే చెప్పాలి."

మర్నాడూ వానే. ఇద్దరికీ కలిపి నా గొడుగొక్కటే ఉంది. మొత్తం ఆవిడ మీదే పట్టాను.

"సగం మీ వైపు జరుపుకోండి. రొంప పట్టి పడుకుంటే ఆ పిల్లకి ఎవరు చెబుతారు?"

"మీ పుస్తకాలు తడుస్తాయని..."

"వాటి సంగతి నేను చూసుకుంటాను," అని కట్టను ఇంకా గట్టిగా గుండెలకు అదుముకుంది. శనివారం మధ్యాహ్నం కూడా ఈవిడకు ఇన్ని పుస్తకాలెందుకో నాకర్థం కాలేదు.

వాళ్ళది మేడ మీద ఒకటే గది. మంచం మీద మడతపెట్టిన బట్టల దొంతరలు. అక్క మమ్మల్ని చూసి కంగారుగా కుర్చీలు తుడిచింది. చెల్లెలు కిటికీ దగ్గర కూర్చుంది, మా వైపు తిరగలేదు. ఒళ్ళో నీలం జేబు చొక్కా.

"అమ్మడూ, తప్పు నాదే. నా పనితనం చూపించుకుందామని కుట్టాను. తొడుక్కునేవాళ్ళ గురించి ఆలోచించలేదు," అన్నాను. దారిపొడవునా కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయి ఇవే మిగిలాయి.

ఆ పిల్ల జేబు కింద మూలను వేలితో తడిమింది.

"మూల తిప్పేచోట మీ కుట్టు పెద్దదవుతోంది," అంది చివరికి.

"ఏంటమ్మా?"

"జేబు కింద మూల. అక్కడ చిన్న కుట్టు వేసి తిప్పాలి. మీరు లాగేశారు." అప్పుడు మా వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రోజూ విప్పేద్దామని బ్లేడు పట్టుకుని కూర్చుంటున్నా. విప్పబుద్ధి కావడం లేదు. నాకిది నచ్చింది. అందుకే ఇంకా మండుతోంది."

అక్క ముఖం పక్కకు తిప్పుకుంది. నా కాలర్‌కి ఎప్పుడూ ఒక సూది గుచ్చి ఉంటుంది. అది తీసి, జేబులోని నీలం దారంతో సహా ఆ పిల్లకి ఇచ్చాను.

"ఎలా తిప్పాలో చూపిస్తావా?"

నా రుమాలు మీద కుట్టి చూపించింది. మూల ముచ్చటగా తిరిగింది. నా పొగరు సగం ఆ గదిలోనే దిగిపోయింది.

"సోమవారం ఆఖరి పీరియడ్ యాక్టివిటీ క్లాసు," అంది టీచర్. "ఇది నువ్వు నేర్పించకూడదూ?"

"ఎవరొస్తారు?"

"నేనొస్తాను."

"మీకు సూదిలో దారం ఎక్కించడం వచ్చా టీచర్?"

"రాదు. అందుకేగా రావడం."

పిల్ల నవ్వలేదు. వస్తాననీ అనలేదు.

సోమవారం షాపు అమ్మకు అప్పగించి, నీలం దారం రీళ్ళతో స్కూలుకెళ్ళాను. యాక్టివిటీ గదిలో టీచరూ, నేనూ, ఖాళీ బెంచీలూ. పది నిమిషాలు గడిచాయి. ఆవిడ గుమ్మం వంక చూస్తోంది. నేను ఆవిడ వంక చూడకుండా ఉండడానికి రీళ్ళు లెక్కపెడుతున్నాను.

గుమ్మంలో నీలం జేబు కనిపించింది.

అమ్మాయి సరాసరి వచ్చి ముందు బెంచీలో కూర్చుని సూది అందుకుంది. టీచర్ దారం ఎక్కించబోయి ఏడుసార్లు తప్పింది. కిటికీలోంచి తొంగిచూస్తున్న పిల్లలు కిసుక్కున నవ్వి, ఒక్కొక్కరే లోపలికి జారారు. ఆఖర్న కొత్త చొక్కా తొడుక్కున్న పిల్ల ఒకతి వచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడింది. నీలం జేబు బ్యాచ్ అని పేరు పెట్టింది ఆ పిల్లేనని టీచర్ నా చెవిలో చెప్పింది.

"నాక్కూడా వేస్తావా?"

సూది పట్టుకున్న అమ్మాయి ఆ పిల్లను పైనుంచి కింది దాకా చూసింది.

"వెయ్యను. నేర్పుతా, నువ్వే వేసుకో. వెళ్ళి వరసలో కూర్చో."

మూడు వారాలు తిరిగేసరికి ఏ చొక్కా కొన్నదో, ఏది బట్టల గదిదో నాకే తెలియకుండా పోయింది. హెడ్మిస్ట్రెస్ గారు యూనిఫాం పాడుచేస్తున్నారని చిందులు తొక్కి, చివరికి నీలం తప్ప వేరే రంగు వాడరాదని నోటీసు పెట్టారు. అమ్మాయి ఇస్త్రీ షాపు ఊసెత్తడం మానేసింది.

ఆ శుక్రవారం టీచర్ మళ్ళీ వానలోనే షాపుకొచ్చింది. ఈసారి చొక్కా విసరలేదు, మెల్లగా పరిచింది. చిన్నది, బాగా పాతది. జేబు మీద ఎవరిదో పేరు, వెలిసిపోయిన సిరాతో.

"నేను చదివిన స్కూల్లోనూ ఇలాంటి గది ఉండేది. ఇది ఎనిమిదో తరగతిలో నా చొక్కా. పేరు మాత్రం నాది కాదు. ఎంత ఉతికినా పోలేదు. అది కనబడకుండా ఏడాదంతా పుస్తకాలు ఇలా అడ్డం పెట్టుకుని తిరిగాను." తన చేతిలోని కట్టను చూసుకుంది. "అలవాటు ఇంకా పోలేదు. ఆ రోజు మీ మీద చూపించిన కోపంలో సగం మీ వల్ల కాదు."

మంచి మాట ఒకటి వెతుక్కున్నాను, దొరకలేదు. ఉన్నమాటే చెప్పాను.

"ఆ పేరు కనబడకుండా కుడతానండి. మీరంటే నాకు ఇష్టం. మీరు వచ్చి దులిపేసిన రోజు నుంచీ ఇష్టం. ఇది కూడా ఎవరూ అడక్కుండా చేసిన పనే."

ఆమె ఈసారి నవ్వు ఆపుకోలేదు.

"ఇది మాత్రం అడుగుదామనే వచ్చాను," అంది.

మూలనుంచి అమ్మ గొంతు వినిపించింది. "కాజాలు కుట్టేవాళ్ళకి చెవులుంటాయమ్మా. ఆ స్టూలు లాక్కుని కూర్చో. అడిగిన పని కదా, వీడు ఆలస్యం చేస్తాడు."

ఆలస్యమే చేశాను. పేరు మీదుగా ఒక్కో కుట్టే వేస్తూ, మూలల దగ్గర చిన్న కుట్టుతో తిప్పుతూ, వాన వెలిసేదాకా సాగదీశాను. తీరా బయల్దేరేసరికి మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. నేను గొడుగు విప్పుతుంటే ఆమె పుస్తకాల కట్ట నా చేతిలో పెట్టి, రెండు చేతులూ ఊపుకుంటూ వానలో ముందు నడిచింది.