రెండో సంతకం

2081లో విశాఖ బీచ్ రోడ్డు మీద తెల్ల కర్ర పట్టుకున్న మనిషి కనిపించడు. పుట్టుకతో చూపులేని వాళ్లు కూడా బస్సు నంబరు చదివి ఎక్కుతారు. వాళ్ల రెప్పల వెనక ఉన్నది కృత్రిమ నేత్రం. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ నయని. ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు.

పన్నెండేళ్లుగా దాన్ని పోషించింది ఆర్కియన్ కంపెనీ. సోమవారం ఉదయం ఆ కంపెనీ వ్యూహం మార్చింది. ఇకపై చూపున్నవాళ్లకు డేగచూపు అమ్ముతుందట. తొమ్మిదిమంది ఇంజనీర్లలో ఎనిమిదిమంది అటు వెళ్లిపోయారు. మిగిలింది తవిటినాయుడు. అతని రెండు కళ్లూ నయనివే.

ఇంకో పద్దెనిమిది రోజుల్లో నయని లోపలి గడియారం లెక్కపెట్టగల అంకెలు అయిపోతాయి. ఆ క్షణాన నాలుగు లక్షల మంది చూపు ఆగిపోతుంది. తవిటినాయుడు రాసిన దిద్దుబాటు సిద్ధంగానే ఉంది. కానీ ఒకరు రాసింది రెండోవాళ్లు చదివి సంతకం పెట్టందే, ద్వారపాలి అనే విడుదల యంత్రం కదలదు.

అటు వెళ్లిపోయిన ఎనిమిదిమందిలో ఒకరైన పాత సహచరి సబీహాకు తవిటినాయుడు ఫోన్ చేశాడు.

"ఆరు వేల వరసల కోడే. నువ్వైతే రెండు రోజుల్లో చదివేస్తావు."

"కొత్త అగ్రిమెంటు తెలుసు కదా సార్. నయనిని ముట్టుకుంటే నన్ను ఇంటికి పంపేస్తారు."

"నా బిడ్డ, నా బిడ్డ అంటూ తిరిగేదానివి కదమ్మా."

"బిడ్డ పెద్దదైపోయింది. వాడేవాళ్లని అడగండి. నాలుగు లక్షల మందిలో ఒక్కరైనా చదవరా?"

చదవకుండానే సంతకం పెట్టేస్తారని అతని భయం. అందుకే ముందు వాడేవాళ్లందరికీ దిద్దుబాటు నకలు ఒకటి పంపాడు. నాలుగువేలవ వరసలో ఒక ఆజ్ఞ దూర్చాడు: అన్ని నేత్రాలూ ఆపు. దాన్ని పట్టుకున్నవాడే తనకు కావలసిన మనిషి. ఎవరూ పట్టుకోకపోయినా ప్రమాదం లేదనుకున్నాడు. సంతకాల తర్వాత ఏ ప్రతి అయినా ఆర్కియన్ పరీక్షశాలకు వెళ్లాలి. అది మూతపడింది కాబట్టి నకలు అక్కడే ఆగిపోతుంది.

పదకొండో సెకనుకు సంతకం వచ్చింది. పైడిరాజు, విజయనగరం. 'క్షుణ్ణంగా చదివాను. అద్భుతం.'

తవిటినాయుడికి నవ్వొచ్చింది.

"ద్వారపాలీ, దీన్ని కొట్టెయ్."

"విడుదలైపోయింది," అంది యంత్రం.

"పరీక్షశాల దాటకుండానా?"

"పరీక్షశాల నుంచి జవాబు లేదు. జవాబు రాని దశను దాటినట్టే భావించాలని ఎనిమిదేళ్ల నాటి నియమం."

"ఏ తలమాసినవాళ్లు రాశారది?"

"రాసింది సబీహా. చదివానని సంతకం చేసింది మీరు."

సబీహా రాసిందిలే, మళ్లీ చూసేదేముంది అనుకున్న రోజులు ఎన్నో. అందులో ఇది ఏదో గుర్తుకు రాలేదు. తెర అంచులు మసకబారుతున్నాయి. అసలు ప్రతిని తడుముకుంటూ పంపి, పైడిరాజుకు ఫోన్ కలిపాడు.

"బాబూ, ఇంకో ప్రతి పంపాను. వెంటనే సంతకం పెట్టు."

"ఈసారి నిజంగా సదివి పెడతాను సార్."

"వద్దు. చదవొద్దు. పెట్టెయ్."

అవతల ఏదో కింద పడిన చప్పుడు.

"ఎక్కడ నొక్కాలి సార్? నాకేటీ కనబడతం లేదు."