ఏ ఇంట్లో తెరిచినా

టెంపే అనే సోయా ముద్దలు, అరటాకులు ఉన్న సంచీతో రెత్నో బజారు నుంచి వచ్చేసరికి, తమ్ముడు దనాంగ్ ఆమె కంప్యూటర్ ముందు బిగుసుకుపోయి కూర్చున్నాడు. ముందుగదిలో తండ్రి సుమర్జో ఎప్పటిలాగే రాగి అచ్చును కరిగిన మైనంలో ముంచి బాతిక్ గుడ్డ మీద అద్దుతున్నాడు. వంటింట్లోంచి కొబ్బరిపాల వాసన వస్తోంది.

"అక్కా, తిట్టే ముందు కూర్చో," అన్నాడు దనాంగ్.

యోగ్యకర్తలోని ఆ ఇంటి వెనకగదిలో అక్కాతమ్ముళ్లు సినిమా దృశ్యాలకు పొగ, వాన, మంట అతికిస్తారు. వరద దృశ్యం నిన్ననే పూర్తయింది. సాయంత్రం ఐదింటికల్లా జకార్తాలోని సినిమావాళ్లకి పంపాలి. వాన ఇంకాస్త పలుచగా ఉంటే ఎలా ఉంటుందో చూద్దామని దనాంగ్ ఆ ఫైలుకి నకలు తీసి, అందులో మార్చి, త్వరగా చూసుకోవడానికి ముతకరకం బొమ్మలు వచ్చేలా రెండర్ నొక్కాడు. నకలే కదా అని ధీమా. కానీ బొమ్మలు ఏ ఫోల్డర్‌లో పడాలో చెప్పే చిరునామా నకల్లోనూ పాతదే ఉంది. ముతక బొమ్మలన్నీ పోయి, పూర్తయిన వాటి మీదే పడి వాటిని చెరిపేశాయి.

మళ్లీ చెయ్యాలంటే ఆ కంప్యూటర్‌కి పదకొండు గంటలు పడుతుంది. గడియారం తొమ్మిది చూపిస్తోంది.

రెత్నో అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది దనాంగ్‌కి.

"రెండు వారాల్లో పెళ్లి చేసుకుని క్లాటెన్‌లో అత్తగారింట్లో ఉండబోతున్నావు. మనసు అప్పుడే అక్కడికి పోయింది. ఆ పోయేదేదో ఇవాళే పో. నా పని నేను చూసుకుంటా."

తల్లి వర్సితి గరిటెతో గుమ్మంలోకి వచ్చి, పెళ్లికొడుకుని పట్టుకుని అవేం మాటలని కూతుర్ని కసిరింది. ముందుగదిలోంచి సుమర్జో తలెత్తకుండానే అడిగాడు, ఆ చిరునామా రాసిందెవరని.

"నేనే," అంది రెత్నో. "డిస్కు పేరుతో సహా మొత్తం రాశాను. మొత్తం రాస్తే తప్పేంటి నాన్నా?"

"నేను బల్ల అంచు నుంచి కొలవనమ్మా. ఇందాకటి అచ్చు చివర చుక్క పడింది చూడు, దాని పక్కన పెడతాను. గుడ్డని ఎటు లాగినా చుక్క గుడ్డతోనే వస్తుంది."

దనాంగ్ గొంతు సవరించుకున్నాడు.

"రెండు నెలల కిందటే చెప్పానక్కా. కంప్యూటర్‌కి ఆదేశాలిచ్చే పన్నెండు లైన్ల స్క్రిప్టు రాశానని. ఫైలు ఎక్కడుందో అదే చూసుకుని, పక్కనే ఫోల్డర్ చేసి బొమ్మలు అందులో వేస్తుంది. నకలు తీస్తే నకలు పక్కన, నా కంప్యూటర్‌లో పెడితే అక్కడ. నువ్వేమో దేన్నీ ముట్టుకోవద్దన్నావు."

"ఉన్న పని చాలక అదెందుకు రాశావు?"

"క్లాటెన్‌లో కూడా నీ ఫైలు నడవాలిగా. పెళ్లయితే పని మానేస్తాననుకున్నావా?"

అలాగే అనుకుంది. రెండు నెలలుగా అనుకుంటూనే ఉంది. ఆ ఉక్రోషంతోనే వాడు తెచ్చిన ప్రతిదాన్నీ పక్కన పడేసింది. కళ్లలో నీళ్లు తిరిగితే కొంగు లేక ముంజేత్తో తుడుచుకుని, కుర్చీ జరిపింది.

"పెట్టు చూద్దాం, నీ స్క్రిప్టు."

దనాంగ్ ఫైలుని రెండు కంప్యూటర్లలో పెట్టాడు. దృశ్యం మొదటి సగం ఆమె దాంట్లో, రెండో సగం తన దాంట్లో. ఒక్క అక్షరం మార్చే పని లేకుండా, ఎక్కడి బొమ్మలు అక్కడి ఫైలు పక్కనే వచ్చి పడ్డాయి. పనసకాయ కూరతో అందరూ కలిసి అన్నం తిన్నారు. మూడున్నరకి పని ముగిసింది. నాలుగింటికి జకార్తాకి చేరింది.

పెళ్లికూతురింటికి మోసుకెళ్లే పళ్లాలు సర్దుతున్న రోజున, బట్టలకీ పండ్లకీ మధ్య బాతిక్ ముక్కలో చుట్టిన చిన్న డిస్కు కనిపించింది వర్సితికి.

"ఇదేంటే, ఈ పళ్లెంలో?"

"క్లాటెన్‌లో వాడు చెయ్యాల్సిన సగం పని అమ్మా," అంది రెత్నో. "ఆ పళ్లెం మాత్రం నేనే మోస్తాను."