నొప్పికి ఆరు మార్కులు

“నొప్పి పదికి ఎంత?” గోరువెచ్చని పూల్‌లోకి దిగేముందు ఫిజియో మేడమ్ అందర్నీ రోజూ అడిగే ప్రశ్న.

“ఆరు,” అంది సాఫ్ట్‌వేర్ టెస్టర్ అమ్మాయి.

నిజానికి రెండు. ఆఫీసు కుర్చీ రెండేళ్లు నమిలేసిన నడుము, మూడు నెలల నీళ్ల నడకతో దారికొచ్చింది. కానీ మూడు కన్నా తగ్గితే ఇక్కణ్నుంచి పంపించేసి, ఇంట్లో చేసుకోమంటారు. ఇంట్లో ఏముంది? లాప్‌టాప్, గోడ, అమ్మ నిట్టూర్పు. ఇక్కడైతే లెక్కల మాస్టారున్నాడు.

రోజంతా బోర్డు ముందు నిలబడి నడుము పోగొట్టుకున్న మనిషి. ఛాతీ లోతు నీళ్లలో ఇద్దరూ ఒకే స్పాంజి కర్ర చెరో కొసా పట్టుకుని, అతను ముందుకి, ఆమె వెనక్కి నడవాలి. మొదటిరోజే ఆమె వీపు గోడకి తగిలింది.

“చూసుకోరా?” అన్నాడు.

“వెనక్కి నడిచేది నేనండీ. చూడాల్సింది మీరు!”

“మిమ్మల్నే చూస్తున్నా. అందుకే గోడ కనపళ్లేదు.”

అని నీరసంగా నవ్వాడు. బాగా అలిసిపోయినవాళ్లు మాత్రమే నవ్వగలిగే నవ్వు. ఆమె దానికే పడిపోయింది.

“ఆరా?” మేడమ్ కంగారుపడింది. “నిన్న మూడే కదమ్మా! నడక బంద్. బెల్టు కట్టుకుని ఆ మూల తేలు.”

ఇదేం ఖర్మ! మూలన బెండుముక్కలా తేలుతూ, మాస్టారు బ్యాంకులో రిటైరైన తాతగారితో కర్ర పంచుకోవడం ముప్పావుగంట చూసింది.

క్లాసయ్యాక అతను మెట్ల దగ్గర ఆగాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

“నావల్లే కదండీ? నిన్న స్పీడుగా నడిపించేశా. రేపట్నుంచి సాయంత్రం బ్యాచ్‌కి మారిపోతున్నా.”

ఆమె అతని దారికి అడ్డొచ్చింది.

“రెండు,” అంది.

“ఏం రెండు?”

“నా నొప్పి. ఆరనేది అబద్ధం.”

“అబద్ధమెందుకూ?”

“నిజం చెప్తే పంపించేస్తారు. తర్వాత మిమ్మల్నెక్కడ చూడాలి?”

తల తుడుచుకుంటున్న తాతగారి చెయ్యి ఆగిపోయింది. “ఏం మాస్టారూ, ఇంకా విడమర్చి చెప్పాలా నీకు?”

అంతా విన్న మేడమ్ అప్పటికే పుస్తకంలో ఆరు కొట్టేసి రెండు వేసింది. “రేపట్నుంచి రానక్కర్లేదమ్మా. నీ చోటు కోసం పదకొండుమంది నొప్పితో కూర్చున్నారు.” ఆ గొంతులో కోపం లేదు, అలసటే.

బయట సన్నగా వాన. నయమైనందుకు ఉద్యోగం ఊడినట్టుంది ఆమెకి.

“కాఫీ తాగుదామా?” అతను పక్కకొచ్చాడు.

“అరగంట కూర్చుంటే నా రెండు కాస్తా ఐదవుతుంది.”

“నేను పది నిమిషాలు నిలబడలేను.”

ఇద్దరూ ఆలోచనలో పడ్డారు.

“నడుస్తూ తాగితే?” అంది.

“నడక పర్లేదు. ఎదురుగానే కొట్టుంది.”

“అది వద్దు,” అంది ఆమె గొడుగు విప్పుతూ. “దూరంగా ఉన్నదానికి పోదాం.”