చారి షెడ్డులో ఎర్రదీపం

ఈ సంగతి నాకు మొదట చెప్పింది లూదియా. టెలిఫోను లైన్‌మన్ పరంజ్యోతి భార్య. మొగుని నోట విన్నది విన్నట్టు ఆమె చెప్పింది, నేను విన్నది విన్నట్టు చెప్తాండా. ఆళ్ళగడ్డ బస్టాండులో ఆటో సురేశ్ చెప్పే కథ వేరే ఉంది. వాడు దాంట్లో అమావాస్య పెట్టినాడు, గజ్జెలు పెట్టినాడు. ఆ పొద్దు అమావాస్య కాదు, దశమి. గజ్జెలూ లేవు. అసలు చప్పుడే లేదు... భయమంతా దానికే.

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు వచ్చే దోవలో, ఊరు ఇంకా ఒక మైలు ఉందనంగా, ఎడమచేతి పక్క రాతిబొమ్మల షెడ్డు ఒకటి ఉండె. రెండువేల మూడులో, పొద్దు గూకినాక దాని ముందర ఎవరూ సైకిలు దిగేవాళ్ళు కాదు.

షెడ్డు మూతపడి మూడు నెలలు. చువ్వల గేటు వెనక ఒక ద్వారపాలకుని బొమ్మ మాత్రం, మొహం అటు రోడ్డుకూ ఇటు షెడ్డుకూ కనపడేట్టు ఓరగా నిలబడి ఉండె. నిలువెత్తు నల్లరాయి. వెలుగోడు పక్క ఏదో గుడికి చేసింది. మొహానికి అద్దం మాదిరి మెరుగు పెట్టినారు గానీ కంటిపాపలు గీయలేదు. గుడిలో నిలబెట్టే పొద్దు, ముహూర్తం చూసి, అప్పుడే గీస్తారు శిల్పులు. అంతదాకా బొమ్మ గుడ్డిదే.

ఆ గుడ్డిబొమ్మ కండ్లు తెరుస్తాందని పేరు పడింది.

కరెంటు పోయిన రాత్రి... ఎనిమిది దాటినాక... చీకట్లో రెండు ఎర్రకండ్లు తెరుచుకుంటాయి. మూసుకుంటాయి. మళ్ళా తెరుచుకుంటాయి. పాలుపోసే ఈరమ్మ క్యాను రోడ్డు మీదే పారేసి ఊళ్ళోకి పరిగెత్తింది. మరుసటి రోజు ఆ క్యాను తెచ్చేదానికి ముగ్గురు మగవాళ్ళు పోయినారు, అదీ పట్టపగలు.

"నరసింహాచారి పోయింది ఆడనే గదా. ఇంగెవరు, ఆయనే," అన్నారు ఊళ్ళో.

చారి ఆ షెడ్డుకు పెద్దశిల్పి. నలభై ఏండ్లు ఉలి, సుత్తి పట్టి పట్టి రెండు చెవులూ పోయినాయి. రాయి కోసే మిషన్లు వచ్చినాక, చెవులున్నవాళ్ళకు కూడా ఆఫీసు గదిలో ఫోను మోగేది వినపడేది కాదు. మద్రాసు నుంచి, బెంగళూరు నుంచి గుళ్ళవాళ్ళు ఫోను చేసి చేసి విసిగిపోతాంటే, యజమాని సుందరరాజు టెలిఫోను ఆఫీసులో అర్జీ పెట్టుకున్నాడు. బల్ల మీది ఫోనులో ఉండే చిన్న గంట తీసేసి, గోడకు బడిగంట అంత బెల్లు, దాని పక్కన ఒక ఎర్రదీపం పెట్టించినాడు. ఫోను వస్తే బెల్లు గణగణమంటుంది, దీపం వెలిగి ఆరుతుంది. బెల్లు అందరికీ, దీపం చారికి.

తొంభై ఆరులో ఆ రెండూ బిగించింది పరంజ్యోతి. అందుకే పీడ వచ్చి ఆయన మెడకు చుట్టుకుంది.

చారి పోయినాక సుందరరాజు మిషన్లన్నీ తీసుకొని బెంగళూరులో పనికి పోయినాడు. ఆడికి కూడా ఈ మాట చేరి, టెలిఫోను ఆఫీసుకు ఉత్తరం రాసినాడు. మెరిసేది నా ఎర్రదీపమే అయ్యుంటుంది, తీగలో తప్పుంటే బాగుచేయండి, తప్పు లేకుంటే ఆ ఫోనే పీకేయండి, దెయ్యాల షెడ్డని పేరొస్తే రేపు నా బొమ్మలు ఎవరు కొంటారు — అని.

ఆఫీసరు ఆ ఉత్తరం బల్ల మీద పరంజ్యోతి ముందరికి తోసినాడు. వయసుకు పరంజ్యోతి కొడుకంత ఉంటాడు.

"నీవు బిగించిందేనంట గదా. బెల్లు మోగకుండా, కరెంటు లేకుండా దీపం వెలిగేదేందప్పా? తీగలో తప్పని తేలితే మెమో తప్పదు, చెప్తాండా."

ముప్పై ఒక్క ఏండ్ల సర్వీసు. ఒక్క మెమో లేదు. నాలుగు నెలల్లో రిటైరు.

"నా చేతి పనిలో తప్పుండదు సార్," అన్నాడు పరంజ్యోతి. "ఈ రాత్రికే పోయి చూస్తా."

ఇంట్లో లూదియా ఒప్పుకోలేదు.

"పగలు పోగూడదా?"

"పగలు మెరవదు గదా."

"నిజంగా దెయ్యముంటే?"

"ఉండనీ. దానికి కనెక్షన్ ఇచ్చేదానికి మా ఆఫీసులో ఫారం లేదులే."

నవ్వుతానే పోయినాడు. షెడ్డు చేరేసరికి ఏడున్నర. సుందరరాజు పంపిన తాళంచెవితో గేటు తీసి, బొమ్మ పక్కన నడిచి లోపలికి పోయినాడు. చేతులు లేనివి, తలలు లేనివి, సగం సగం బొమ్మలు గోడ పొడుగునా నిలబడి ఉండాయి. కాలి కింద రాతిపొడి మెత్తగా... అడుగు చప్పుడు కూడా లేదు.

టార్చి వేసి తీగ అంతా పట్టి చూసినాడు. ప్రతి ముడీ బిగించింది బిగించినట్టే. బెల్లు విప్పితే — లోపల రాతిపొడి నిండి, వానకు తడిసి, సిమెంటు మాదిరి గట్టిపడింది. గంట కొట్టే సుత్తి దాంట్లో ఇరుక్కుపోయింది. సరే, అందుకే మోగలేదు. దీపం సంగతి ఆయనకు తెలియంది కాదు. దానికి ఇంటి కరెంటు అక్కర్లేదు, ఫోను తీగలో వచ్చేదే చాలు.

ఇంక తేలాల్సింది ఒకటే. తీగలో తప్పు లేదంటే, ఎవరో ఈ మూసిన షెడ్డుకు ఫోను చేస్తాండారు.

ఎవరు?

ఎనిమిదికి కరెంటు పోయింది. పరంజ్యోతి టార్చి ఆర్పి కూర్చున్నాడు.

ఎనిమిదీ పది...

దీపం వెలిగింది. సగం బొమ్మలన్నీ ఒక్కసారి ఎర్రగా లేచి నిలబడినట్టయింది. ఆరింది. మళ్ళా వెలిగింది. గేటు కాడ ద్వారపాలకుని మెరుగు మొహం మీద ఆ వెలుగు పడి, గుడ్డికండ్లు రెండూ నిప్పుల్లాగ తెరుచుకున్నాయి.

పరంజ్యోతి లేచి ఫోను ఎత్తినాడు.

"హలో..."

అవతల ఊపిరి. ఊపిరి ఒక్కటే. చానాసేపటికి ఒక ముసలి గొంతు, గుసగుసగా —

"ఎవరు?"

"టెలిఫోను ఆఫీసు పరంజ్యోతిని. మీరెవరమ్మా?"

"కమలాక్షమ్మను. చారి భార్యను. నీవెందుకు ఎత్తినావు నాయనా?"

ఆమే చెప్పింది. మోకాళ్ళు పడిపోయి, రెండేండ్లుగా నంద్యాలలో కూతురింట్లో ఉంటాంది. రోజూ ఎనిమిదీ పదికి, ఇంట్లోవాళ్ళు టీవీ ముందర కూర్చున్నాక, ఈడికి ఫోను చేసేది.

"ఆయనకు వినపడదు గదా. దీపం చూసి ఎత్తేటోడు. ఉలితో బల్ల మీద రెండు దెబ్బలు కొట్టి పెట్టేసేటోడు. తిన్నానని. అంతే, అదే మా మాట."

"అమ్మా... ఆయన పోయినాడు గదా."

"నాకు తెలీదా నాయనా? బొట్టు తీసింది నాకే గదా."

"మరి ఎందుకమ్మా రోజూ..."

"ఆయన కూర్చునే తావున దీపం వెలుగుతాది గదా. ఈడ నేను దీపం పెడితే కూతురు ఏడుస్తాంది, నేను పెట్టను." మళ్ళా ఆమే అడిగింది. "ఫోను పీకేసేదానికి వచ్చినారా?"

తప్పు లేదని రాస్తే ఫోను పోతుంది. తప్పుందని రాస్తే తన పేరు పోతుంది.

"పీకము. పెట్టేయమ్మా," అన్నాడు పరంజ్యోతి.

దీపాన్ని విప్పి, దాని మొహం లోపలి గోడకు తిప్పి బిగించినాడు, రోడ్డుకు కనపడకుండా. బిగిస్తాంటే అది చేతిలోనే మళ్ళా వెలిగింది. ఒకటి... రెండు... మూడు... నాలుగు. ఆగిపోయింది. ఆమే పెట్టేసిందిలే అనుకున్నాడు. తాళం వేసి ఇంటికి వచ్చినాడు.

పొద్దున ఆఫీసులో ఫిర్యాదు పుస్తకం తెరిచి తన చేత్తోనే రాసినాడు: "నేను బిగించిన తీగలో తప్పు. సరిచేసినాను." మధ్యాహ్నానికి మెమో చేతికిచ్చినారు. లూదియా మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

రిటైరైనాక, ఏదో పని మీద నంద్యాలకు పోయినప్పుడు లూదియా కమలాక్షమ్మను చూసి వచ్చింది. ముసలామె ఆమె చెయ్యి పట్టుకొని విడవలేదంట.

"మీ ఆయన దేవుడు తల్లీ. ఆ పొద్దు ఆయన పెట్టేసినాక నేను మళ్ళా చేసినా. నాలుగు మోగినాక ఎత్తినారు. రెండు దెబ్బలు కొట్టి పెట్టేసినారు."

"మా ఆయనే కొట్టింటాడులేమ్మా, నీ తృప్తికి."

"ఆ దెబ్బ నాకు తెలీదా తల్లీ?" అని ముసలామె నవ్విందంట.

ఇంటికి వచ్చి లూదియా మొగున్ని అడిగింది. పరంజ్యోతి అన్నం కలిపే చెయ్యి ఆపినాడు.

"నా రెండు చేతులూ దీపం మీద ఉండాయి," అన్నాడు. "ఫోను నా వెనక ఉండె. నేను తిరిగి చూడలేదు."

ఇప్పుడు కమలాక్షమ్మ లేదు. పరంజ్యోతీ లేడు. ఆ ఫోను పీకినా అడిగేవాళ్ళు లేరు కాబట్టి చెప్తాండా. సురేశ్ ఏమన్నా చెప్పుకోనీ, ఆటోవాని మాటకు విలువేముంది. ఆఫీసు పుస్తకంలో రాసిందే నాకు నిద్ర పట్టనీదు. రెండువేల మూడు, జూలై తొమ్మిది. ఆ పుస్తకం ఏ బీరువాలోనో ఇంకా ఉంటుంది. తెలిసినవాళ్ళు ఎవరన్నా ఉంటే పోయి, ఆ వరుస కొట్టేయించి, పక్కన సరిగ్గా రాయించండి. తీగలో తప్పు లేదు.