నక్కల దీవిలో ఒక శనివారం

"బ్యాగ్ జిప్ వేశావా?" అని దేదీప్య అడిగేసరికే ఆలస్యమైపోయింది. పిల్లి అంత నక్క ఒకటి అద్వైత్ బ్యాగ్‌లోంచి చపాతీ రోల్ లాక్కుని పొదల్లోకి దూరిపోయింది.

అద్వైత్ నవ్వాడు. దేదీప్య నవ్వలేదు.

"మన ఫుడ్‌కి అలవాటు పడితే వేటాడటం మానేస్తాయి. బోట్‌లో రెండుసార్లు చెప్పాను."

"సారీ. రెండుసార్లూ విన్నాను. నిన్ను చూస్తూ మర్చిపోయాను."

ఆమె ముఖం పక్కకి తిప్పుకుంది. కోపమో మరేదో అతనికి అర్థం కాలేదు. కింద పడిన కూర ముక్కలన్నీ ఒక్కొక్కటే ఏరి కవర్‌లో వేశాడు. ఆమె అది గమనించింది.

కాలిఫోర్నియా తీరం నుంచి గంట బోటు ప్రయాణం దూరంలో ఉంది ఆ దీవి. ఊరు లేదు, అంగడి లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. దేశానికి తూర్పున ఉన్న ప్లెయిన్స్‌బరోలో పుట్టి పెరిగిన దేదీప్య ఇక్కడి నక్కలను లెక్కపెట్టే సైంటిస్ట్. అటువైపే ఉన్న మోరిస్‌విల్ నుంచి అద్వైత్ విమానంలో వచ్చాడు. ఇద్దరి ఇళ్ళలోనూ పెళ్ళి మాట మొదలై నెలైంది. "ముందు నా ఆఫీస్ చూసి వెళ్ళు" అని ఆమే పిలిచింది.

ఎండిన గడ్డి మధ్య కాలిబాటలో పైకెక్కారు. కొండ అంచున కూర్చున్నారు. కింద సముద్రం నీలంగా పరుచుకుని ఉంది.

"ఒకప్పుడు ఈ దీవిలో వంద నక్కలు కూడా మిగల్లేదు" అంది దేదీప్య. "ఎంతోమంది ఏళ్ళ తరబడి కష్టపడితే మళ్ళీ పెరిగాయి. నేను వారానికి నాలుగు రోజులు ఇక్కడే ఉంటాను. ఆ నాలుగు రోజులూ ఫోన్ కలవదు. ఇంతకుముందు చూసిన ఇద్దరు అబ్బాయిలూ, మ్యారేజ్ తర్వాత సిటీలో జాబ్ చూసుకోమన్నారు. నువ్వేమంటావు?"

అద్వైత్ సముద్రం వైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఓకే, అర్థమైంది" అని ఆమె లేచి దిగడం మొదలుపెట్టింది. బోటెక్కాక కూడా అతనికి దూరంగా, రెయిలింగ్ పట్టుకుని నిలబడింది.

రేవు దగ్గరపడుతుండగా అతనే ఆమె దగ్గరికి వచ్చాడు.

"మా అమ్మ డాక్టర్. ప్రసవాలు చేసేది. భోజనం మధ్యలో ఫోన్ వస్తే వెళ్ళిపోయేది. ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. నాన్న ఒక్కసారి కూడా మానెయ్యమనలేదు. ఎలా ఉండగలిగాడా అని ఆలోచిస్తున్నాను. నీ జాబ్ మీద నాకు ఏ డౌటూ లేదు. నా మీదే ఉంది."

దేదీప్య అతని వైపు తిరిగింది. "మరి అడగొచ్చుగా ఆయన్ని?"

రేవులో దిగగానే సిగ్నల్ వచ్చింది. అద్వైత్ స్పీకర్ పెట్టి తండ్రికి ఫోన్ చేశాడు. "నాన్నా, అమ్మ కోసం వెయిట్ చేయడం కష్టంగా ఉండేదా?"

అవతల కేశవరావు టీవీ సౌండ్ తగ్గించాడు.

"ఉండేదిరా. కోపం కూడా వచ్చేది. కానీ ఇంటికొచ్చి, ఇవాళ ఎవరికి ఏ బిడ్డ పుట్టిందో చెప్పేటప్పుడు మీ అమ్మ ముఖం చూడాలి. ఆ పని మానేస్తే ఆ ముఖం ఉండేది కాదు. నాకు ఆ ముఖమే కావాలి." అని, "ఆ అమ్మాయి పక్కనే ఉందా?" అన్నాడు.

"ఉన్నాను అంకుల్" అంది దేదీప్య.

"మావాడు జవాబు చెప్పడానికి టైమ్ తీసుకుంటాడమ్మా. చెప్పాక మాత్రం మార్చడు."

ఫోన్ పెట్టేశాక ఇద్దరూ రేవు గట్టు మీద కూర్చున్నారు. నీళ్ళలో సీల్ జంతువులు అరుస్తున్నాయి.

"మళ్ళీ ఎప్పుడు వెళ్తున్నావు?"

"సోమవారం. గురువారం వచ్చేస్తాను. నీ ఫ్లైట్ రేపేగా?"

"మార్చుకుంటాను. ఇక్కడి నుంచే వర్క్ చేస్తాను." అతను ఆమె వైపు చూశాడు. "గురువారం బోట్ ఎన్నింటికి వస్తుంది?"

"నాలుగున్నరకి" అంది దేదీప్య. అని, ఈసారి ముఖం తిప్పుకోలేదు.