వారంలో ఐదో రోజు

"వారం ఆదివారంతోనే మొదలవుతుంది. మా పాస్టరుగారు అలాగే చెప్పేవారు," అత్తగారు ఆగ్నెటె అనడం ఇది మూడోసారి.

"రోజులు మారాయమ్మా. ఇప్పుడు దేశమంతా సోమవారం నుంచే లెక్క," అన్నాడు ప్రేబెన్, రై రొట్టెకి వెన్న రాస్తూ.

బళ్ళకి శరత్కాలపు బంగాళాదుంపల సెలవులు. డెన్మార్క్ రేవు పట్టణం హెల్సింగోర్‌లో వాన. టైము పదకొండుంపావు. ప్రేబెన్ కూతురు ఎనిమిదేళ్ల లిస్బెత్ హోంవర్క్‌గా డేనిష్ వారాల పేర్లు వల్లిస్తోంది.

"మాన్‌దా చంద్రుడిది. టీర్స్‌దా టీర్ దేవుడిది. ఓన్స్‌దా ఓడిన్‌ది, టోర్స్‌దా థోర్‌ది, ఫ్రేదా ఫ్రిగ్ అమ్మవారిది. లోర్దా ఎవరిదీ కాదు, పూర్వం స్నానాల రోజు. సోన్‌దా సూర్యుడిది."

"మీ నాన్నకి ఇప్పటికీ స్నానం లోర్దానే," అంది ఆగ్నెటె. "గ్రేథె, నా పాత పంచాంగం ఏదే? అందులో చూపిస్తాను వీడికి."

కోడలు గ్రేథె చేతిలో చాకు ఆగింది. పంచాంగం వలెస్కా దగ్గరుంది.

వలెస్కా నక్కతోలు కోటు వేసుకునే అందగత్తె. విదేశీ ముఠాలో ఉంటూ డెన్మార్క్‌కి సమాచారమిచ్చే డబుల్ ఏజెంట్. ఇంట్లోవాళ్ళకి టెలిఫోన్ ఆఫీసు గుమాస్తాగా తెలిసిన గ్రేథె నిజానికి డేనిష్ గూఢచారి; ఆమెకి డేనిష్ వారాలు నేర్పింది ఆ పంచాంగంతోనే. ఆ వరసలోని అంకెలే వాళ్ళ కోడ్.

వలెస్కా మొన్న పంపిన మెసేజ్: "ఐదు. మధ్యాహ్నం ఫెర్రీ. ఇంజనీరు కాఫీలో విషం."

ముఠా దేశం నుంచి పారిపోయి వచ్చిన ఇంజనీరు అతను. గ్రేథె పైఅధికారి చీఫ్ సోమవారం నుంచి లెక్కపెట్టి శుక్రవారానికి టీమ్‌ని సిద్ధం చేశాడు. పంచాంగంలో మొదటిది ఆదివారం. ఐదోది గురువారం.

ఇవాళే.

ఇంట్లో ఏదో పని చెప్పి బయటపడి, గ్రేథె రేవు దగ్గర బూత్‌లోంచి ఫోన్ చేసింది. "చీఫ్, ఇవాళే."

"టీమ్ రేపు కదా వచ్చేది!"

"తెలుసు. నేనెక్కుతున్నాను."

ఫెర్రీలో ఆమె వేషం: కాఫీ సర్వర్ ఏప్రన్, జుట్టుకి నెట్. గుండె దడదడలాడాల్సిన సమయం. అదేమీ లేదు. గిన్నెలు తోముతున్నట్టే ఉంది. కిటికీ పక్కన వలెస్కా అద్దంలో లిప్‌స్టిక్ దిద్దుకుంటూ ఒక్కసారి కళ్ళతో చూపించింది: మీసాల స్టూవర్డ్. అతనిచ్చిన కప్పు అప్పటికే ఇంజనీరు పెదవుల దగ్గరుంది.

గ్రేథె చేతిలో ట్రే కప్పు మీదికి ఒరిగింది. కాఫీ అంతా నేలపాలు. స్టూవర్డ్ తలుపు వైపు పరిగెత్తాడు. ఏప్రన్‌కి పెట్టుకున్న బ్రోచ్‌లోని రేడియోలో గ్రేథె పిలిచిన డెక్ కాపలావాళ్ళు అతన్ని పట్టుకున్నారు.

"ఇంత ఆలస్యమా?" పక్కనుంచి వెళ్తూ గొణిగింది వలెస్కా.

"మావాళ్ళు సోమవారం నుంచి లెక్కపెట్టారు."

"మరి నువ్వు?"

"నేనూ అంతే."

వలెస్కా నవ్వింది. గ్రేథెకి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఒక మనిషి చావు తప్పింది. ఏమీ అనిపించలేదు. అదొక్కటే ఆమెను భయపెట్టింది.

సాయంత్రం భోజనాల దగ్గర, అందరికీ సూప్ వడ్డించాక చెప్పింది. "రేపటి నుంచి ఉద్యోగానికి వెళ్ళను."



"టెలిఫోన్ ఆఫీసువాళ్ళు ఏమన్నారు?" అడిగాడు ప్రేబెన్.

"ఏమీ అనలేదు. అక్కడ ఎవరూ ఎక్కువ మాట్లాడరు."