ఇరవై మూడు గుంతలు

మొదట్లో నర్సరీ అబ్బాయి చేతిలో ఉన్నవి ఇవి: ఒక పాత వ్యాన్, రెండు గునపాలు, మొక్కల గురించి తనకు తెలియనిది లేదన్న ధీమా, బోటనీ టీచర్‌తో చెప్పలేక నెల రోజులుగా నాన్చుతున్న ఒక మాట.

వాళ్ల పరిచయమే పోట్లాటతో మొదలైంది.

"అడవి మొక్కని కుండీలో పెట్టి అమ్మడానికి మనసెలా వచ్చిందండీ?" అని ఆమె షాపులోనే నిలదీసింది.

"కొంటారా, తిడతారా టీచర్ గారూ? రెండూ అయితే డిస్కౌంట్ ఇస్తా."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. అతను ప్రేమలో మునగడానికి ఆ నవ్వు చాలింది.

ఊరి చివరి కొండవాలులో అపార్ట్‌మెంట్లు కడతారట, సోమవారమే బుల్‌డోజర్లు వస్తాయట. ఆ సంగతి చెవిన పడగానే, శనివారం ముసురులో అతనొక్కడే వెళ్లాడు. ఆమె ప్రాణంగా చూసుకునే నేల ఆర్కిడ్లు ఇరవై మూడింటినీ మట్టిగడ్డతో సహా తవ్వి తెచ్చాడు. అలవాటు కొద్దీ ప్రతి కుండీకీ ఒక నంబరు వేసి, అదే నంబరున్న పుల్లను గుంతలో గుచ్చి వచ్చాడు.

ఆదివారం ఉదయం ఆమెను పిలిచి కుండీల వరస చూపించాడు. ఆమె మొహం పాలిపోయింది.

"ఒక్కటీ వదల్లేదా?"

"ఒక్కటీ!" అన్నాడు గర్వంగా.

"మీకో దండం! పదకొండింటికి ఫారెస్ట్ ఆఫీసర్ గారు లెక్కకొస్తున్నారు. అక్కడ ఈ అరుదైన మొక్క కనబడితేనే పనులు ఆపుతారు. ఇప్పుడేం చూపించను, గుంతలా?"

అతను గోడ గడియారం వైపు చూశాడు. టైమ్ తొమ్మిదిన్నర.

"ముందే చెప్పొచ్చుగా!"

"బయటికి పొక్కితే కంపెనీవాళ్లే పీకేస్తారని దాచాను. వాళ్లకి శ్రమ లేకుండా చేశారు!"

వ్యాన్ బయల్దేరింది. వాన దంచుతోంది, వైపర్ మొరాయిస్తోంది. ఆమె ఒళ్లో రెండు కుండీలు.

"గప్‌చుప్‌గా నాటేద్దాం. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడతను.

"రేపు కంపెనీవాళ్లు 'బయటినుంచి తెచ్చి నాటారు' అంటే? అబద్ధంతో కాపాడిన కొండ ఎన్నాళ్లు నిలుస్తుందండీ?"

"నిజం చెబితే నా నర్సరీ లైసెన్స్ పోతుంది టీచర్ గారూ."

ఆమె ఒళ్లోని కుండీలు ఒరగకుండా పట్టుకుంది. చెప్పమనలేదు, వద్దనీ అనలేదు. నిర్ణయం అతనికే వదిలేసింది.

కొండ దగ్గర ఆఫీసర్ అప్పటికే గొడుగు కింద నిలబడి ఉన్నాడు. నర్సరీ అబ్బాయి నేరుగా ఆయన దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకున్నాడు.

"సార్, మొక్కలన్నీ తవ్వింది నేనే. టీచర్ గారికి తెలీదు. ప్రతి గుంతలో నంబరు పుల్ల ఉంది. మీరే సరిచూడండి."

ఒకటో కుండీ, ఒకటో గుంత. మట్టిగడ్డ మూత పెట్టినట్టు కూర్చుంది. ఏడు, పన్నెండు, పంతొమ్మిది... ఏదీ తప్పలేదు. గుంత అంచుల్లో తెగిన పిల్లవేళ్లు ఇంకా వేలాడుతున్నాయి.

"ఇవి ఇక్కడివే," అన్నాడు ఆఫీసర్ రాసుకుంటూ. "పనులు ఆపుతాం. నీ లైసెన్స్ కూడా, మూడు నెలలు!"

ఆయన జీపు మలుపు తిరిగాక ఆమె అడిగింది. "అసలు ఎందుకు తవ్వారు?"

"ఇవి పోతే మీరు ఏడుస్తారని."

"అంతేనా?"

"ఇంకోటుంది. నెల రోజులుగా చెప్పలేక చస్తున్నా."

"చెప్పేశారుగా," అంది ఆమె, అతని చెంప మీది బురదను కొంగుతో తుడుస్తూ.

మరుసటి ఏడాది వానలకు లెక్క తేలింది. పోయినవి మూడు నెలల వ్యాపారం, నాలుగు మొక్కలు. మిగిలినవి పంతొమ్మిది పూలు, వాటి కింద కొండ. వ్యాన్‌లో పక్క సీటు మాత్రం ఆ రోజు నుంచీ ఖాళీ లేదు.